ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ రాబట్టడానికి ఏ పద్ధతి ఎప్పుడు?

రెండు ఆర్‌సి ఫిల్టర్లను (దారిలో ఒక రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు ఒక కెపాసిటర్) ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే మొత్తం ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్, అంటే ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ ఉన్న నిష్పత్తి, ఎంతవుతుంది? ఈ ప్రశ్న మొదటిసారి ఎదురైనప్పుడు నేను క్షణం కూడా ఆలోచించలేదు. ఒక్కో ఫిల్టర్‌కు సమాధానం తెలుసు కనుక రెండింటినీ గుణించేశాను. రెసిస్టర్లు 10 కిలో ఓమ్‌లు, కెపాసిటర్లు 10 నానో ఫారడ్‌లు. నా లెక్క ప్రకారం గెయిన్ 0.707కు పడిపోయే కటాఫ్ ఫ్రీక్వెన్సీ 1024 హెర్ట్జ్ దగ్గర రావాలి. తీరా సర్క్యూట్ కట్టి చూస్తే 600 హెర్ట్జ్ కూడా రాకముందే పడిపోయింది. కెపాసిటర్లు మార్చాను, బ్రెడ్‌బోర్డు మార్చాను. మార్చవలసింది లెక్క అని తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఆర్ అంటే నిరోధం, సి అంటే కెపాసిటెన్స్, ఎస్ అంటే ఫ్రీక్వెన్సీని సూచించే లాప్లాస్ చలరాశి. రాత సులువు కోసం ఈ మూడింటి లబ్ధాన్ని ఇక్కడి నుంచి ‘ప’ అని పిలుస్తాను. ఒక్క ఆర్‌సి ఫిల్టర్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ 1/(1 + ప). రెండింటిని గుణిస్తే వచ్చేది

1 / (1 + 2ప + ప²)

నిజానికి రావలసింది

1 / (1 + 3ప + ప²)

తేడా అంతా ఆ 2కూ 3కూ మధ్య ఉంది. రెండో ఫిల్టర్ మొదటి ఫిల్టర్ నుంచి కరెంటు లాగుతుంది. 1/(1 + ప) అన్న సూత్రం మాత్రం అవుట్‌పుట్ నుంచి ఎవరూ కరెంటు లాగరన్న షరతు మీద వచ్చింది. రెండో ఫిల్టర్ ఇలా కరెంటు లాగడాన్నే లోడింగ్ అంటారు. 3తో లెక్క వేస్తే కటాఫ్ 596 హెర్ట్జ్, అంటే ఆ సాయంత్రం నా కళ్ల ముందు కనబడిన అంకె.

ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ రాబట్టే పద్ధతులు ఓ డజను ఉన్నాయి. సరిగ్గా చేస్తే అన్నీ ఒకే సమాధానం ఇస్తాయి కనుక ఏది సరైనదన్న ప్రశ్న లేదు. ఏది తక్కువ రాతతో తెమిలిపోతుంది, సమాధానంలో మనకు కావలసిన సంగతి దేనిలో కనబడుతుంది అన్నవే ప్రశ్నలు. ఆ 3 ఒక్కో పద్ధతిలో ఎక్కడి నుంచి పుడుతుందో చూస్తే ఆ పద్ధతి స్వభావం తెలిసిపోతుంది. అందుకని ఈ చిన్న సర్క్యూట్‌నే అన్ని చోట్లకూ వెంట తీసుకుపోతాను.

అన్ని పద్ధతులకూ పునాది ఒకటే. సర్క్యూట్ రేఖీయంగా ఉండాలి, ప్రారంభంలో కెపాసిటర్ల మీద ఛార్జి, ఇండక్టర్లలో కరెంటు సున్నా అనుకోవాలి. అప్పుడు రెసిస్టర్‌ను ఆర్‌గా, ఇండక్టర్‌ను ఎస్ఎల్‌గా, కెపాసిటర్‌ను 1/ఎస్‌సిగా రాసుకుంటే అవకలన సమీకరణాలన్నీ మామూలు బీజగణితంగా మారిపోతాయి.

నిచ్చెన ఆకారమైతే వెనక నుంచి రండి

సర్క్యూట్ నిచ్చెనలా ఉంటే, అంటే ఒకటి దారిలో అడ్డంగా, మరొకటి గ్రౌండ్‌కు నిలువుగా వరసగా అమరి ఉంటే, చాలామంది ముందు వైపు నుంచి సిరీస్, ప్యారలల్ కలుపుకుంటూ పోతారు. కలిపిన ప్రతిసారీ ఒక భిన్నం కింద ఇంకో భిన్నం చేరి, మూడో మెట్టుకల్లా కాగితం నిండిపోతుంది. దానికన్నా అవుట్‌పుట్ 1 వోల్టు ఉందనుకుని వెనక్కి నడవడం ఎంతో హాయి.

చివరి కెపాసిటర్ మీద 1 వోల్టు ఉంటే దానిలో కరెంటు ఎస్‌సి. అదే కరెంటు రెండో రెసిస్టర్‌లోనూ పోతుంది కనుక మధ్య నోడ్ (భాగాలు కలిసే చోటు) దగ్గర వోల్టేజి 1 + ప. మొదటి కెపాసిటర్ కరెంటు దానికి ఎస్‌సి రెట్లు. రెండు కరెంట్లూ కలిసి మొదటి రెసిస్టర్‌లో పోతాయి, దాని మీద పడే వోల్టేజి ప + ప(1 + ప), అంటే 2ప + ప². దీన్ని మధ్య నోడ్ వోల్టేజికి కలిపితే ఇన్‌పుట్ 1 + 3ప + ప². అవుట్‌పుట్ 1 అనుకున్నాం కాబట్టి ఇదే హారం. భాగహారం ఒక్కసారి కూడా రాలేదని గమనించండి. ఈ పద్ధతి గొప్పతనమంతా అదే.

నిచ్చెన ఎంత పొడవైనా ఇది పనిచేస్తుంది. కేబుల్ నమూనాలాగా ఇరవై మెట్లున్నవాటికి ఇదే పనిని ఏబీసీడీ మాత్రికల గుణకారంగా కంప్యూటర్‌కు అప్పగించవచ్చు. ఒక్కో మెట్టుకు ఒక రెండు-రెండు మాత్రిక, అన్నిటినీ వరసగా గుణిస్తే సరి.

కానీ సంకేతం రెండు దారుల్లో పోయి మళ్లీ కలిసే సర్క్యూట్ వస్తే నిచ్చెన పద్ధతి ఆగిపోతుంది. వెనక్కి నడుస్తున్నప్పుడు దారి రెండుగా చీలితే ఏ దారిలో ఎంత కరెంటు పోతుందో చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఏదీ తోచకపోతే నోడల్

ఇంట్లో ఒకే ఒక్క పనిముట్టు ఉంచుకోవాలంటే నేను ఉంచుకునేది నోడల్ విశ్లేషణ. ప్రతి నోడ్ దగ్గర కరెంట్ల మొత్తం సున్నా అని 1845లో కిర్కాఫ్ చెప్పిన మాటను వరసగా రాసుకుంటూ పోవడమే. తెలివితేటలు అవసరం లేదు, ఆకారం చూడనక్కర్లేదు, క్రమశిక్షణ చాలు.

రెండు సమాంతర దారులుండి, ఒక్క ఫ్రీక్వెన్సీని మాత్రం ఆపేసే ట్విన్-టీ నాచ్ ఫిల్టర్‌ను చూడండి. పై దారిలో రెండు ఆర్‌లు, వాటి మధ్య నుంచి గ్రౌండ్‌కు 2సి. కింది దారిలో రెండు సిలు, వాటి మధ్య నుంచి గ్రౌండ్‌కు ఆర్‌లో సగం. చూడగానే భయం వేస్తుంది. నోడల్ సమీకరణం రాస్తే మాత్రం పై దారి మధ్య వోల్టేజి, ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మొత్తాన్ని 2(1 + ప)తో భాగిస్తే వచ్చేదే. కింది దారి మధ్య వోల్టేజి దానికి సరిగ్గా ప రెట్లు. ఈ రెండింటినీ అవుట్‌పుట్ నోడ్ సమీకరణంలో పెడితే

(1 + ప²) / (1 + 4ప + ప²)

బయటకు వస్తుంది. ప² విలువ −1 అయినచోట, అంటే 1ని 2πఆర్‌సితో భాగించిన ఫ్రీక్వెన్సీ దగ్గర, లవం సున్నా అవుతుంది. నాచ్ అక్కడే. మూడు నోడ్‌లకు నాలుగు పంక్తుల రాత.

ఆప్-యాంప్ (ఆపరేషనల్ ఆంప్లిఫయర్) కనబడితే ఇక రెండో ఆలోచన వద్దు, నోడల్ పట్టుకోండి. రెండు ఇన్‌పుట్ కాళ్ల దగ్గర వోల్టేజి సమానం, ఆ కాళ్లలోకి కరెంటు పోదు అన్న రెండు నియమాలూ నోడల్ సమీకరణాల్లో చక్కగా ఒదిగిపోతాయి. ఒక్క జాగ్రత్త: ఆప్-యాంప్ అవుట్‌పుట్ నోడ్ దగ్గర కరెంటు సమీకరణం రాయకండి. అక్కడ ఆప్-యాంప్ ఎంత కరెంటు ఇస్తుందో మనకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. విద్యార్థుల కాగితాల్లో నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడివే.

ఇప్పుడు మన పాత సర్క్యూట్‌కు చిన్న మార్పు చేద్దాం. చివరి కెపాసిటర్ మీది వోల్టేజిని గెయిన్ 1 ఉన్న ఆప్-యాంప్ బఫర్‌కు (వోల్టేజిని అలాగే అందిస్తుంది, ఇన్‌పుట్ నుంచి కరెంటు లాగదు) ఇచ్చి, మొదటి కెపాసిటర్ కాలును గ్రౌండ్ నుంచి లేపి బఫర్ అవుట్‌పుట్‌కు కలుపుదాం. ఇదే 1955లో శాలెన్, కీ ప్రచురించిన ఫిల్టర్ కుటుంబంలోని సర్క్యూట్. నోడల్‌లో మధ్య నోడ్ సమీకరణం ఒక్క పదం మారుతుంది, హారం 1 + 2ప + ప² అవుతుంది. అదే రెసిస్టర్లు, అవే కెపాసిటర్లు, ఒక కాలు చోటు మారగానే 3 కాస్తా 2 అయింది! బఫర్ బదులు గెయిన్ కె ఉన్న ఆంప్లిఫయర్ పెడితే ఆ గుణకం 3 − కె. కె 3కు చేరితే మధ్య పదం మాయమై హారం 1 + ప² మిగులుతుంది, అంటే ఫిల్టర్ ఆసిలేటర్‌గా మారుతుంది. అంకెలు వేసుకుంటూ పోయినవాళ్లకు ఈ సంగతి దొరకదు. అక్షరాలను చివరిదాకా ఉంచినవాళ్లకే దొరుకుతుంది.

నోడ్‌ల బదులు మూసి ఉన్న లూపుల్లో వోల్టేజిల మొత్తం సున్నా అని రాసే మెష్ విశ్లేషణ గురించి రెండు మాటలు చాలు. తీగలు ఒకదాన్నొకటి దాటకుండా కాగితం మీద గీయగలిగే సర్క్యూట్లకే అది వర్తిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, పరస్పర ఇండక్టెన్స్ ఉన్నచోట మాత్రం నోడల్ కన్నా మెష్ సుఖం, ఎందుకంటే అక్కడ వోల్టేజిలు కరెంట్ల రూపంలోనే సహజంగా వస్తాయి. మిగతా చోట్ల తెలియని నోడ్ వోల్టేజిలు ఎన్ని, తెలియని మెష్ కరెంట్లు ఎన్ని అని లెక్కబెట్టి తక్కువ ఉన్నదాన్ని పట్టుకోండి.

సమీకరణం రాయకుండా

నాకు బాగా నచ్చినది కాల స్థిరాంకాల పద్ధతి. తరగతుల్లో దీనికి దక్కవలసిన చోటు దక్కలేదని నా అభిప్రాయం. హారంలో ఎస్ గుణకం కావాలంటే సమీకరణాలు అక్కర్లేదు. ఇన్‌పుట్ వోల్టేజి సోర్సును షార్ట్ చేయండి. ఒక్కో కెపాసిటర్ దగ్గర నిలబడి, మిగతా కెపాసిటర్లను తెరిచేసి, తనకు ఎంత నిరోధం కనబడుతుందో చూడండి. ఆ నిరోధాన్ని కెపాసిటెన్స్‌తో గుణిస్తే ఒక కాల స్థిరాంకం. అన్నిటినీ కూడితే అదే ఎస్ గుణకం.

మన సర్క్యూట్‌లో మొదటి కెపాసిటర్‌కు మొదటి రెసిస్టర్ మాత్రమే కనబడుతుంది, ఒక ఆర్‌సి. రెండోదానికి రెండు రెసిస్టర్లూ వరసగా కనబడతాయి, రెండు ఆర్‌సిలు. మొత్తం మూడు. 3 దొరికింది, పెన్ను తీయకుండానే.

ఎస్ వర్గం గుణకం కోసం మొదటి కెపాసిటర్ కాల స్థిరాంకాన్ని తీసుకుని, దాన్ని షార్ట్ చేసినప్పుడు రెండోదానికి కనబడే కాల స్థిరాంకంతో గుణించాలి. మొదటిది షార్ట్ అయితే రెండోదానికి ఒక్క రెసిస్టరే కనబడుతుంది. లబ్ధం ఆర్²సి². హారం పూర్తయింది. ఈ దారిని 1973లో కొక్రన్, గ్రేబెల్ క్రమబద్ధం చేశారు. అదనపు మూలకం సిద్ధాంతం పేరుతో 1989లో మిడిల్‌బ్రుక్ ఇలాంటి ఆలోచననే ఇంకో వైపు నుంచి చెప్పారు: తలనొప్పి తెచ్చే ఒక్క భాగాన్ని పక్కన పెట్టి సర్క్యూట్‌ను సాధించి, తర్వాత దాన్ని ఒక సవరణగా తెచ్చి కలపడం.

ఈ పద్ధతి చేసే అసలు మేలు వేరే ఉంది. రెసిస్టర్లు, కెపాసిటర్లు వేర్వేరు విలువలైతే ఎస్ గుణకం మూడు ముక్కలుగా వస్తుంది: ఆర్1సి1, ఆర్2సి2, ఆర్1సి2. మొదటి రెండూ ఎవరి ఫిల్టర్ వాళ్లది. మూడో ముక్కే లోడింగ్. నా సాయంత్రాన్ని పాడు చేసింది అదే. దాన్ని చంపాలంటే ఏం చేయాలో ఇప్పుడు కళ్లకు కట్టినట్టుంది. రెండో దశలో రెసిస్టర్‌ను 100 కిలో ఓమ్‌లు చేసి, కెపాసిటర్‌ను 1 నానో ఫారడ్ చేయండి. దాని ఆర్‌సి మారదు, కానీ మూడో ముక్క పదో వంతుకు తగ్గుతుంది. 3 కాస్తా 2.1 అవుతుంది. బఫర్ లేకుండానే గుణించిన సమాధానానికి దాదాపుగా చేరుకున్నాం.

ఉజ్జాయింపుకూ ఇదే మంచిది. కాల స్థిరాంకాల మొత్తం 3ఆర్‌సి కనుక కటాఫ్ సుమారు 530 హెర్ట్జ్ అని నోటితోనే చెప్పవచ్చు. అసలు విలువ 596. కాస్త తక్కువ చూపించినా ఏ కెపాసిటర్ ఎక్కువ వేగాన్ని తినేస్తోందో చెప్పేస్తుంది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో పది కెపాసిటర్లున్నప్పుడు ఇంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు.

లోపం లవం వైపు ఉంది. కెపాసిటర్లను షార్ట్ చేసినా అవుట్‌పుట్‌కు సంకేతం చేరుతుంటే జీరోలు (లవం సున్నా అయ్యే ఎస్ విలువలు) ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి అవుట్‌పుట్ సున్నా కావాలన్న షరతు పెట్టి మళ్లీ నిరోధాలు చూడాలి, అది అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. ట్విన్-టీకి దీన్ని వాడమని నేను చెప్పను.

గ్రాఫులు, మాత్రికలు

ఎంఐటీలో శామ్యూల్ మేసన్ 1953లో, 1956లో రాసిన పత్రాల నుంచి వచ్చిన సిగ్నల్ ఫ్లో గ్రాఫ్‌లో వోల్టేజిలు, కరెంట్లు చుక్కలవుతాయి, వాటి మధ్య సంబంధాలు బాణాలవుతాయి. మన సర్క్యూట్‌కు గీస్తే మూడు లూపులు వస్తాయి, ఒక్కోదాని గెయిన్ −1/ప. వాటిలో మొదటిదీ మూడోదీ ఒకదాన్నొకటి తాకవు. సూత్రంలో పెట్టి పైకీ కిందకీ ప²తో గుణిస్తే అదే సమాధానం. ఇక్కడ 3 అంటే లూపుల సంఖ్య. మధ్య లూపు రెండు దశలకూ వంతెనలా కూర్చుంటుంది, లోడింగ్ దానిలోనే ఉంది.

అందంగా ఉంది కానీ రెండు రెసిస్టర్ల సర్క్యూట్‌కు ఇది పెద్ద హంగామా. ఫీడ్‌బ్యాక్ వ్యవస్థ ముందే బ్లాకులుగా గీసి ఉంటే మేసన్ సూత్రం వాడండి. సర్క్యూట్ చిత్రం నుంచి మొదలుపెట్టేటట్లయితే వద్దు. తాకని లూపుల జతల్లో ఒకటి మరచిపోవడం చాలా సులువు, మరచిపోయామని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

స్టేట్ స్పేస్ పద్ధతిలో కెపాసిటర్ వోల్టేజిలు, ఇండక్టర్ కరెంట్లు చలరాశులు. ఆ సమీకరణాల మాత్రిక నిర్ధారకమే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ హారం. మన సర్క్యూట్‌కు అది (ప + 2)(ప + 1) − 1, విప్పితే ప² + 3ప + 1. వికర్ణంలోని 2, 1 కలిసి 3 అయ్యాయి. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఒక్కటే కావాలంటే ఇంత దూరం రానవసరం లేదు. తర్వాత కంట్రోలర్ రూపొందించాలన్నా, కాలంతో పాటు వోల్టేజిలు ఎలా మారతాయో చూడాలన్నా, ఇన్‌పుట్‌లు అవుట్‌పుట్‌లు అనేకం ఉన్నా దీనితోనే మొదలుపెట్టడం లాభం.

కంప్యూటర్ చేతికిస్తే

బర్క్‌లీలో 1973లో వెలువడిన సర్క్యూట్ సిమ్యులేటర్ స్పైస్, దాని వారసులు లోపల చేసేది నోడల్ విశ్లేషణే, కొద్ది మార్పులతో. ఏసీ విశ్లేషణ నడిపితే ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా గెయిన్, ఫేజ్ వస్తాయి. వచ్చేది వక్రరేఖ, సూత్రం కాదు. 596 హెర్ట్జ్ అని చెబుతుంది, ఆర్1సి2 వల్ల అని చెప్పదు. స్పైస్‌లో ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ పేరుతోనే ‘.టీఎఫ్’ అనే ఆదేశం ఒకటుంది, ఆశపడి వాడితే నిరాశే. అది డీసీ గెయిన్, ఇన్‌పుట్ నిరోధం, అవుట్‌పుట్ నిరోధం మాత్రమే ఇస్తుంది. మన సర్క్యూట్‌కు గెయిన్ 1 అని చెప్పి ఊరుకుంటుంది.

సూత్రమే కావాలంటే నోడల్ సమీకరణాలు మీరు రాసి, సాధించే పనిని సింపై లాంటి బీజగణిత సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి. నాలుగు నోడ్‌లు దాటిన సర్క్యూట్లకు నేను చేసేది ఇదే. కాకపోతే అది ఇచ్చే సమాధానం విప్పి పరిచిన పదాల కుప్పలా ఉంటుంది. ఆరేడు భాగాలున్న సర్క్యూట్‌కు హారంలో ముప్ఫై పదాలు వచ్చినా ఆశ్చర్యం లేదు. వాటిలో ఏవి పెద్దవో, ఏవి వదిలేయదగినవో తేల్చుకోవడానికి మళ్లీ కాల స్థిరాంకాల దగ్గరకే రావాలి.

సర్క్యూట్ లోపల ఏముందో తెలియనప్పుడు మిగిలేది కొలతే. సైన్ తరంగం ఇచ్చి, ఫ్రీక్వెన్సీ మారుస్తూ గెయిన్, ఫేజ్ రాసుకుని, ఆ బిందువులకు సరిపడే సూత్రం వెతుక్కోవాలి. ఇక్కడా లోడింగ్ వదలదు. ఆసిలోస్కోప్‌ను 1 మెగా ఓమ్ అమరికలో మన సర్క్యూట్‌కు తగిలిస్తే, అసలు గెయిన్ 1 ఉండవలసిన తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే 0.98 కనబడుతుంది. 10 రెట్ల ప్రోబ్ వాడండి.

సమాధానం వచ్చాక

ఎస్‌ను సున్నా చేసి కెపాసిటర్లు తెరిచిన సర్క్యూట్‌తో పోల్చడం, ఎస్‌ను అనంతం చేసి షార్ట్ చేసిన సర్క్యూట్‌తో పోల్చడం, ప్రతి పదానికీ ప్రమాణాలు సరిపోయాయో చూడటం, హారం ఘాతం శక్తిని దాచుకునే భాగాల సంఖ్యను మించలేదని చూసుకోవడం. ఈ పరీక్షలు అందరూ చెబుతారు, చేయండి కూడా. అయితే నేను ఆనాడు రాసిన తప్పు సమాధానం 1/(1 + 2ప + ప²) ఈ నాలుగు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. సున్నా దగ్గర 1, అనంతం దగ్గర 0, ప్రమాణాలు సరి, ఘాతం 2.

దాన్ని పట్టుకునేది ఇంకో పద్ధతి మాత్రమే. నోడల్‌తో చేసినవాళ్లు ఎస్ గుణకాన్ని కాల స్థిరాంకాలతో సరిచూసుకోండి, అర నిమిషం పని. కాల స్థిరాంకాలతో చేసినవాళ్లు స్పైస్‌లో ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర చూడండి. మన సర్క్యూట్‌కైతే 1592 హెర్ట్జ్ ఎంచుకోవాలి. అక్కడ ప² విలువ −1 కనుక 1తో కొట్టేసుకుని మధ్య పదం ఒక్కటే మిగులుతుంది. గెయిన్ మూడో వంతు వస్తే లెక్క సరైనది. సగం వస్తే సర్క్యూట్‌లో ఎక్కడో బఫర్ ఉన్నట్టు, లేదా మీరూ నాలాగే గుణించేసినట్టు.